ఒకటో నంబరు మా సారుది

మా గైడు గారి పరిశోధన నమ్మదగినది కాదని రాసి, దానికి ఆయన సంతకమే పెట్టించి, అది చూస్తే దేశంలో అందరికంటే ఎక్కువ సంబరపడే మనిషి చేతికి చేరేలా పంపించిన ఘనత నాది. పగతో చేసింది కాదు, మతిపోయి చేసింది అసలే కాదు. చిక్కడపల్లి లైబ్రరీలో పట్టపగలు, ఫ్యాను కింద సీటు సంపాదించి, చాలా గొప్ప పని చేస్తున్నాననుకుంటూ చేశాను. ఇప్పుడు తలచుకున్నా సిగ్గు కంటే కోపమే ముందొస్తుంది. ఎవరి మీద కోపమో చెబుతూనే ఉంటాను, మీకు ఆ అనుమానం అక్కర్లేదు.

రిఫరెన్సులంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం ముందు రెండు ముక్కలు. పరిశోధన వ్యాసంలో ఏ మాట ఎవరి దగ్గర తీసుకున్నామో చూపించాలి. నేను పంపిన పత్రికలో వాక్యం చివర చదరపు బ్రాకెట్లో ఒక అంకె వేయాలి. చివరి పేజీలో ఆ అంకె పక్కన రాసినవారి పేరు, వ్యాసం పేరు, సంవత్సరం వగైరా ఉంటాయి. వ్యాసంలో ఎవరి ప్రస్తావన ముందొస్తే వారిది ఒకటో నంబరు, ఆ తర్వాత వచ్చినవారిది రెండు. అంతే. ఇందులో మునిగిపోవడానికి ఏముంది అంటారా? నేనూ అలాగే అన్నాను.

నా పరిశోధన అశోక్ నగర్ హాస్టళ్ల మీద. ఊళ్ల నుంచి వచ్చి గవర్నమెంటు ఉద్యోగాల పరీక్షలకు చదివే పిల్లలు ఏ పూట తింటున్నారు, ఏ పూట మానేస్తున్నారు, ఎందుకు మానేస్తున్నారు అన్నది విషయం. నేను ఆ మెట్లన్నీ ఎక్కి, గది గదికీ తిరిగి, మంచాల అంచుల మీద కూర్చుని అడిగాను. ఫీజు కట్టాక మిగిలిన దాంట్లో రెండు పూటలే గడుస్తాయని, మధ్యాహ్నం నీళ్లు తాగి లైబ్రరీకి వెళ్లిపోతామని వాళ్లు మామూలుగా చెప్పేవాళ్లు. అలా తలుపు తట్టినప్పుడే స్వరూప పరిచయమైంది. జనగామ దగ్గర పల్లెటూరి అమ్మాయి. మధ్యాహ్నం తినకుండా చదివే ఆ గుంపులో తనూ ఒకతె.

మా యూనివర్సిటీలో ఒక నియమం ఉంది. పత్రికలో ఒక వ్యాసానికి అంగీకారం వస్తేనే సిద్ధాంత గ్రంథం తీసుకుంటారు. నా పీహెచ్‌డీ గడువు ఆ వేసవితో ముగుస్తోంది. ఒకసారి పొడిగింపు ఇచ్చేశారు, ఇంకోసారి ఇవ్వరు. అంగీకారం రాకపోతే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది, ఎక్కిన మెట్లన్నీ వృథా అవుతాయి. చిక్కడపల్లి సందులో మా ఇంటికి ఎవరొచ్చినా మా అమ్మ నన్ను డాక్టరేటు చేస్తున్న అమ్మాయి అని చూపించేది. కొన్నాళ్లుగా చూపించడం మానేసి కాఫీ పెట్టమంటోంది. నా పరిస్థితి అదీ.

వ్యాసం పంపాను. తిరిగొచ్చింది. చదివి తిప్పి పంపితే బాధ లేదు, చదవకుండా పంపారు. రిఫరెన్సులు మా పద్ధతిలో లేవు అన్నారు. ఇంటిపేరు ముందుండాలిట, పొడి అక్షరాల మధ్య చుక్కలు ఉండకూడదుట. చుక్కలన్నీ ఏరేసి పంపాను. మళ్లీ వచ్చింది. పత్రికల పేర్లు పూర్తిగా రాయకూడదు, కుదించాలి, కుదించిన పేరు వాలు అక్షరాల్లో ఉండాలి. వాల్చి పంపాను. ఈసారి పేజీ నంబర్ల మధ్య నేను పెట్టింది చిన్న గీత అని, వాళ్లకు కావలసింది కాస్త పొడుగు గీత అని వచ్చింది. ఆ రెండు గీతలకూ తేడా కనిపెట్టడానికి మా అమ్మ కళ్లజోడు పెట్టుకోవలసి వచ్చింది. నా ఒళ్లు మండిపోయింది. ఇంతమంది పిల్లలు కడుపు మాడ్చుకుంటున్నారని రాస్తే దాని గురించి ఒక్క ముక్క లేదు. గీత పొట్టిగా ఉందిట. ఆ పిల్లలు కనక ఆ గీత కొలతలో ఉండుంటే వాళ్ల ఆకలి ఈపాటికి పార్లమెంటు దాకా వెళ్లేది.

“కంప్యూటరే నంబర్లు ఏస్తదంట గదనే,” అంది స్వరూప. “మా రూమ్మేట్ గట్లనే చేసింది. నువ్వెందుకు పరేషానైతున్నవ్?”

నేను దానికి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. పరిశోధకురాలు అన్నాక ప్రతి అంకె మీదా తన చెయ్యి పడాలని, యంత్రానికి అప్పగించి కూర్చునేవాళ్లు పండితులు కాలేరని చెప్పాను. ఆ పిల్ల పాపం బుద్ధిగా విని, సరే నీ ఇష్టం అంది. ఆ ఉపన్యాసం గుర్తొచ్చినప్పుడల్లా ఆనాటి నన్ను పట్టుకుని రెండు పీకాలనిపిస్తుంది.

గీతలు పొడుగు చేసి, మా గైడు మాణిక్యం సారు సంతకం కోసం విద్యానగర్‌లో ఆయనింటికి వెళ్లాను. వ్యాసంలో ఆయన పేరు కూడా ఉంటుంది కాబట్టి, ఇది మేమిద్దరం పంపుతున్నామని ఆయన సంతకం చేసిన కాగితం జతచేయాలి. సారు మంచివారే. కోప్పడి ఎరగరు. కానీ ఎవరు ఏ వ్యాసం తెచ్చినా వెనక పేజీ నుంచి తెరుస్తారు. రిఫరెన్సుల్లో తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూసుకుంటారు. ఆ వేలు ఆగిన చోటే ఆయన చదవడం కూడా ఆగుతుంది.

ఆ రోజు వేలు రెండో నంబరు దగ్గర ఆగింది. ఒకటో నంబరు దామోదర్ గారిది.

దామోదర్ గారెవరో చెప్పాలి. వేరే రాష్ట్రంలో ప్రొఫెసరు. మా సారూ ఆయనా ఒకే గురువు దగ్గర పీహెచ్‌డీ చేశారు, నల్లకుంటలో ఒకే గదిలో అద్దెకున్నారు. ఒకనాటి సెమినార్లో వేదిక మీద మధ్య కుర్చీలో దామోదర్ గారు కూర్చున్నారట. ఆ కుర్చీ మా సారుది అనుకున్నారట. ఆ రోజు నుంచి మాటల్లేవు. పెళ్లి శుభలేఖలో బాబాయి పేరు పెదనాన్న పేరు కంటే పైన పడ్డందుకు పెళ్లికే రాని చుట్టాలు మన అందరిళ్లలో ఉంటారు కదా, చదువుకున్నవాళ్లు అందుకు అతీతులని మీరు అనుకుంటే అది మీ అమాయకత్వం.

“దామోదర్ ఒకటి, నేను రెండా?” అన్నారు సారు.

“వరస అలా వచ్చిందండి. అయినా ఆయన్ని మెచ్చుకోలేదు సార్. ఆయన పద్ధతి తప్పని మొదటి పేరాలోనే రాశాం. ఒకటో నంబరు పడింది తిట్టడానికే.”

“తిట్టింది లోపలుంటది, నంబరు బయటుంటది. లోపల ఎవరు చదువుతరమ్మా?”

లోపల చదవడం కోసమే కదండీ ఇన్నేళ్లు రాసింది అని నేను అనాలి. అనలేదు. సారు జర చూడు అంటూ కాగితాలు నా వైపు నెట్టి, పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. నేను చిక్కడపల్లి లైబ్రరీకి వచ్చి కూర్చున్నాను.

ఇక్కడ లోపల ఏముందో చెప్పకపోతే మీకు ప్రమాదం అర్థం కాదు. మొదటి పేరాలో రెండు వాక్యాలున్నాయి. మెస్ గుమ్మంలో నిలబడి, భోజనానికి వచ్చినవాళ్లనే ఆపి, మీలో భోజనం మానేసేవాళ్లెవరని అడిగిన అధ్యయనం నమ్మదగినది కాదు అన్నది మొదటిది. అది దామోదర్ గారి గురించి, దానికి ఒకటో నంబరు. ఈ రంగంలో నిజాయితీగా దారి చూపిన తొలి అధ్యయనం అంటూ రెండో వాక్యం. అది మా సారు గురించి, దానికి రెండో నంబరు. మా సారు వ్యాసం నేను చదవలేదా అంటే చదివాను. కానీ గైడు గారి వ్యాసాన్ని తీర్థం పుచ్చుకున్నట్టు కళ్లకద్దుకుని పుచ్చుకుంటామే తప్ప రుచి చూడం.

సారుకి ఒకటో నంబరు రావాలంటే ఆయన ప్రస్తావన అందరికంటే ముందు రావాలి. కాబట్టి వ్యాసం నెత్తిమీద కొత్తగా ఒక వాక్యం పెట్టాను. మనిషి ఆరోగ్యానికి ఆహారం అవసరం. పక్కన బ్రాకెట్లో ఒకటి. అంటే మా సారు కనిపెట్టేదాకా మానవజాతికి ఆ సంగతి తెలియదన్నమాట. చివరి పేజీలో సారు పేరు పైకి జరిపి, దామోదర్ గారి పేరు రెండో స్థానంలోకి దింపాను. తర్వాత చుక్కలు చూశాను, కామాలు చూశాను, వాలు చూశాను, ప్రతి గీతా పొడుగ్గా ఉందో లేదో చూశాను. పేజీ అందంగా ఉంది. నా మీద నాకే ముచ్చటేసింది.

లోపలి వాక్యాల్లో అంకెలు మార్చాలన్న ఆలోచన మాత్రం రాలేదు. రాదు. మనిషి చేత నెలల తరబడి చుక్కలు ఏరిస్తే బుర్రలో చుక్కలే మిగులుతాయి.

మర్నాడు సారు వేలు ఒకటో నంబరు దగ్గర ఆగింది. మొహం వెలిగింది. లోపలి నుంచి భార్యను (మాకు అమ్మగారు) పిలిచి చూపించారు. సంతకం పెట్టారు. నేను నారాయణగూడలో జిరాక్స్ షాపుకి వెళ్లి ఆ కాగితం స్కాన్ చేయించి, అన్నీ జతచేసి పంపేశాను. ఈసారి తిరిగి రాలేదు. మీ రిఫరెన్సులు మా పద్ధతిలో ఉన్నాయి, వ్యాసాన్ని సమీక్షకులకు పంపుతున్నాం అని రెండు మూడు రోజుల్లో మెయిల్ వచ్చింది. నేను స్వరూపని నారాయణగూడలో ఇరానీ హోటలుకి లాక్కుపోయి, చాయ్, బిస్కెట్లు, సమోసాలు తెప్పించాను. అది తింటుంటే నా వ్యాసం మొదటి పేజీ తెలుగులో అర్థం చెబుతూ వినిపించాను. వినమని అది అడగలేదు.

మెస్ గుమ్మం దగ్గరికి రాగానే స్వరూప సమోసా పక్కన పెట్టింది. దానికి నవ్వు రాలేదు, కోపం వచ్చింది.

“తిననోడు మెస్ కాడికి ఎందుకొస్తడు? మమ్మల్ని లెక్కల్నే వేయలేదన్నట్టు. ఎవరే ఆ సారు?”

“ఒకటో నంబరు,” అన్నాను గర్వంగా, చివరి పేజీ తిప్పి దాని ముందు పెడుతూ.

స్వరూప చదివింది. “మాణిక్యం అంటే మీ సారే గదా?”

చాయ్ నా గొంతులో ఎటు పోవాలో తెలియక ముక్కులోకి వచ్చింది. కాగితం లాక్కుని చూశాను. ముందు పేజీ, వెనక పేజీ, మళ్లీ ముందు పేజీ. ఆహారం అవసరమని చెప్పింది మా సారు. మెస్ గుమ్మంలో నిలబడి నమ్మదగని పని చేసిందీ మా సారే. నిజాయితీగా దారి చూపిన మహానుభావుడు దామోదర్. అన్నిటి కిందా మా సారు సంతకం, నీలం సిరాతో, చాలా స్పష్టంగా ఉంది.

“నేను చెప్పినప్పుడు కంప్యూటర్‌కి ఇయ్యకపోతివి,” అంది స్వరూప. అది కూడా మెల్లిగానే అంది. అందుకే ఇంకా మండింది.

సంపాదకులకు అక్కడి నుంచే మెయిల్ రాశాను. చిన్న పొరపాటు జరిగింది, రెండంటే రెండు అంకెలు మార్చాలి, దయచేసి వెనక్కి ఇవ్వండి అన్నాను. వ్యాసం సమీక్షకుల దగ్గర ఉంది, దిద్దుబాట్లేమైనా సమీక్ష వచ్చాకే అని జవాబొచ్చింది. చుక్క ఎక్కువైతే మూడుసార్లు తిప్పి పంపిన మహానుభావులకు, గైడు పరువు పోతుంటే మాత్రం తిప్పి పంపడానికి నియమాలు అడ్డొచ్చాయి. పైగా హాస్టల్ పిల్లల తిండి మీద పనిచేసినవాళ్లు ఎంతమంది ఉంటారు? మా సారు వ్యాసం మా సారుకే పంపరు. మిగిలింది దామోదర్ గారే. ఆ పత్రికలో సమీక్షకుడి పేరు మనకు చెప్పరు, మన పేర్లు మాత్రం ఆయనకు తెలుస్తాయి. ఎంత చక్కటి ఏర్పాటో చూడండి.

సారుకి చెప్పేద్దామని విద్యానగర్ వెళ్లాను. గుమ్మంలోకి వెళ్లేసరికి ఆయన పక్కింటాయనకు ఒకటో నంబరు గురించి చెబుతున్నారు. అమ్మగారు కాఫీ ఇచ్చారు. తాగాను. ఎండలు ఎక్కువగా ఉన్నాయని చెప్పి వచ్చేశాను. ఇంకోసారి వెళ్లి ఆ ఎండల సంగతే మళ్లీ చెప్పాను. గడువు దగ్గరపడుతోంది. ఈ సమీక్ష చెడితే ఇంకో పత్రికకు పంపి, అక్కడి గీతలు చూసుకుని, అంగీకారం తెచ్చుకునే సమయం లేదు. అటు సారు మొహం, ఇటు నా ఇన్నేళ్ల చదువు. అమ్మ ఏమైందే అని అడిగితే ఏమీ లేదని ఏడ్చాను.

చివరికి ఒక ఉదయం సారు ఫోను చేశారు. సమీక్ష వచ్చింది, ఇంటికి రా అన్నారు. అంతకుమించి మాట లేదు.

వెళ్లేసరికి ఆయన, పత్రిక మా ఇద్దరికీ పంపిన మెయిల్ ప్రింటు తీయించి చేతిలో పట్టుకుని ఉన్నారు. మొదటిసారిగా నా వ్యాసం ముందు పేజీ తెరిచి ఉంది. కూర్చోమని కూడా అనకుండా ఆ ప్రింటు నా చేతికిచ్చారు. సమీక్షకుడు తన పేరు బయటపెట్టకూడదన్న నియమాన్ని దామోదర్ గారు తు.చ. తప్పకుండా పాటించారు. రెండో నంబరు అధ్యయనం రాసినవాడిగా చెబుతున్నాను అని మాత్రమే రాశారు.

ఆయన రాసిన దాని సారాంశం ఇది. తన పాత పని నమ్మదగినది కాదని తనే ఒప్పుకున్న పరిశోధకుణ్ణి ఈ వృత్తిలో ఇన్నాళ్లకు చూశాను. నా అధ్యయనాన్ని నిజాయితీ గలదని మెచ్చుకున్నారు, ఆ మెప్పు నాకు తగదు. మెస్ గుమ్మంలో నిలబడింది నిజానికి నేనే. మొదటి రచయిత్రి గది గదికీ వెళ్లి అడిగింది, మేం అప్పుడే చేయవలసిన పని అది. ఆ విమర్శలో నా పేరు కూడా చేరిస్తే వ్యాసాన్ని అంగీకరించవచ్చు. కింద ఇంకో వాక్యం కూడా ఉంది. తొమ్మిదో రిఫరెన్సులో ఒక చుక్క ఎక్కువగా ఉంది, తీసేయగలరు.

“మెస్ సంగతి నాది కాదు గదా,” అన్నారు సారు. “నా పేరెట్ల వచ్చింది?”

చెప్పేశాను. పేర్లు తారుమారు చేసి అంకెలు మరిచిపోయిన సంగతి, ఎండల గురించి మాట్లాడి వెళ్లిపోయిన సంగతి, అన్నీ. సార్, క్షమించండి, పాత వరసలోకి మార్చి పంపేస్తాను, అంగీకారం రాకపోతే నా ఖర్మ అన్నాను. ఆ మాట అంటుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. అమ్మగారు మంచినీళ్లు తెచ్చి నా పక్కన నిలబడ్డారు.

సారు ముందు పేజీలోని ఆ వాక్యం ఇంకోసారి చదివారు.

“నేను టిఫిన్ బండి కాడ నిలబడ్డ,” అన్నారు. “పొద్దున తిననోళ్ల లెక్క తియ్యాలని. బండి కాడికి తినేటోళ్లే వస్తరు. అప్పుడు తట్టలే. తర్వాత తట్టింది గని, అప్పటికి అచ్చయింది. వాడు మెస్ కాడ, నేను బండి కాడ. ఏం ఫరక్ లేదమ్మా.”

నేను నిజాయితీగా దారి చూపిన అధ్యయనం అని రాసింది దాని గురించే. అంటే తప్పు అంకెలు వేసి మా సారు గురించి నేను నిజం రాశాను, సరైన అంకెలు వేసి ఉంటే అబద్ధం అచ్చయ్యేది. చుక్కలకూ గీతలకూ మూడుసార్లు తిప్పి పంపిన పత్రిక ఆ సంగతి పట్టుకుందా? లేదు. పట్టుకోదు.

సారు లేచి పక్కగదిలోకి వెళ్లి ఫోను చేశారు. తలుపు తీసే ఉంది. ఏరా దామోదర్, నేను అన్నారు. చాలాసేపు అవతలి మాటే విన్నారు. మధ్యలో ఒకసారి నవ్వారు, ఒకసారి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, పరిశోధకుడన్నంక తప్పు ఒప్పుకోవాలె గదరా, అందుకే మొదటి పేరాలనే పెట్టించిన అన్నారు.

పెట్టించారట. విన్నారా? నేను చాయ్ ముక్కులోంచి తెచ్చుకున్నాను, నిద్రాహారాలు మానేశాను, అమ్మ ముందు ఏడ్చాను, చివరికి పెట్టించింది ఆయన. నా కళ్లలో నీళ్లు అక్కడికక్కడే ఆవిరైపోయాయి. అమ్మగారు నా భుజం తట్టి, చెంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు.

సారు గదిలోంచి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. మొహం కడిగినట్టుంది. ఆ మెచ్చుకున్న వాక్యం తీసేయమన్నారు. తిట్టిన వాక్యం ఉంచి, మెస్ గుమ్మం పక్కన టిఫిన్ బండి కూడా చేర్చమన్నారు, ఇద్దరి పద్ధతీ నమ్మదగినది కాదని శుభ్రంగా రాయమన్నారు. నాకు నిజంగా ఆయన మీద గౌరవం కలిగింది. అక్కడికక్కడే దిద్ది ఇచ్చాను. ఆయన వెనక పేజీ తిప్పబోయి, ఆగి, ముందు పేజీలోనే ఆ బ్రాకెట్ మీద వేలు పెట్టారు.

“తప్పు ఇద్దరిదీ,” అన్నారు. “గని ముందు నాది ఉండాలె.”

ఉంది. ఈ రోజుకీ ఉంది, కావాలంటే చూసుకోవచ్చు. గడువు ముగిసేలోపు అంగీకారం వచ్చింది, సిద్ధాంత గ్రంథం ఇచ్చాను, మా అమ్మ వచ్చినవాళ్లకు నన్ను మళ్లీ చూపిస్తోంది. ఆ తర్వాత సారు సెమినార్లలో ఆత్మవిమర్శ గురించి మాట్లాడుతుంటే జనం చప్పట్లు కొట్టడం నేను ముందు వరసలో కూర్చుని చూశాను. నేనూ కొట్టాను, కాస్త గట్టిగానే.

అందుచేత, ఇరానీ చాయ్ సాక్షిగా, కాస్త పొడుగు గీత సాక్షిగా, నేను చేసిన ప్రతిజ్ఞ ఇది. ఇకమీదట ఏ వ్యాసంలోనైనా ఎవరినైనా తిట్టవలసి వస్తే పేరు పెట్టి తిడతాను. నంబరు వేసి మాత్రం తిట్టను.